ఇరవై ఏళ్ల ఆర్‌జీడాల్

2023 అక్టోబరు 16న ఆర్‌జీడాల్ పోయింది. దాంతోపాటే మ్యాప్‌టూల్స్, ఆర్‌జియోస్ కూడా. ఆర్ భాష ప్యాకేజీలు కొలువుండే క్రాన్, ఆ మూడింటినీ ఒకేసారి అటకెక్కించింది. ఆర్‌లో మ్యాపులు గీసినవాళ్లకు ఇంట్లో పెద్దదిక్కు పోయినట్టే అయింది.

పుట్టుక మామూలుదే. మ్యాపుల డేటా ఉండే షేప్‌ఫైళ్లు, ఉపగ్రహ చిత్రాలు చదవడానికి జీడాల్ అనే లైబ్రరీ ఉంది. దాన్ని ఆర్ నుంచి పిలవడానికి టిమ్ కీట్ అనే జీవావరణ శాస్త్రవేత్త ఫంక్షన్లు రాశాడు. ఫంక్షన్లు మనమూ రాసుకుంటాం. అవి ఏ పాత స్క్రిప్టు అడుగునో పడి ఉంటాయి. వాటిని ఫోల్డర్లలో సర్ది, ప్రతిదానికీ హెల్ప్ పేజీ రాసి, డిస్క్రిప్షన్ ఫైలు చేర్చి, చెక్ అనే పరీక్ష గట్టెక్కిస్తే ప్యాకేజీ. ఆర్‌జీడాల్ 2003లో క్రాన్ చేరింది.

ఆ డిస్క్రిప్షన్ ఫైల్లో మెయింటెయినర్ అని ఒక వరుస ఉంటుంది. ఒక్క పేరు, ఒక్క ఈమెయిలు. రచయితలు పదిమంది ఉన్నా పూచీ ఆ ఒక్కరిదే. ఎక్కడ ఏం చెడినా, ఫలానా తేదీలోగా బాగుచేయమని క్రాన్ తాఖీదు వచ్చేది ఆ ఈమెయిలుకే. ప్యాకేజీ కట్టిన రోజున ఆ వరుసలో మన పేరు చూసుకుని మురిసిపోతాం. అది జీతం లేని జీవితకాలపు కొలువని తర్వాత గాని తెలియదు. ఆర్‌జీడాల్‌కు ఆ కొలువు ఏళ్ల తరబడి చేసినవాడు రోజర్ బివాండ్, నార్వేలోని బెర్గెన్‌లో ప్రొఫెసర్.

అసలు దెబ్బ బయటి నుంచి వచ్చింది. 2019లో జీడాల్ 3, దాని తోడు లైబ్రరీ ప్రోజ్ 6 వచ్చాయి. ప్రొజెక్షన్‌ని, అంటే గుండ్రటి భూమిని మ్యాపు మీదికి దించే లెక్కని, ఒక పొట్టి వరుసలో రాసే పాత పద్ధతికి కాలం చెల్లింది. పాత వరుసను పట్టుకు వేలాడితే ఆ లెక్కకు ఆధారమైన డేటమ్ రాలిపోతుంది, పైకి మాత్రం మ్యాపు చక్కగానే వస్తుంది. బివాండ్ దీన్ని లండన్ బ్రాడ్ స్ట్రీట్ పంపుతో చూపించాడు. 1854 కలరాకు మూలమని జాన్ స్నో పట్టుకున్న పంపు అది. డేటమ్ పోతే ఆ పంపు వంద మీటర్లకు పైగా జరిగి పక్క వీధిలో తేలింది! కలరా లెక్కల్లో వీధి మారితే ఇంకేం మిగిలింది?

ఆ గండాన్నీ బివాండ్ దాటించాడు. కానీ ఆయన రిటైర్మెంటూ వచ్చేసింది. ఈలోగా, ఆయనతో ఏళ్లుగా పనిచేసిన ఎడ్జర్ పెబెస్మా కట్టిన ఎస్‌ఎఫ్ ప్యాకేజీ అదే పనిని ఇంకా బాగా చేస్తోంది. అందుకే వారసుణ్ని వెతకలేదు, ముగింపే ప్రకటించారు. ప్యాకేజీ లోడ్ చేసిన ప్రతిసారీ, 2023లో ఇది ఆగిపోతుంది, వేరే దారి చూసుకోండి అని తెరమీద కనిపించేది. తెరమీద వచ్చే హెచ్చరికలు ఎవరు చదువుతారు? దీనిమీద ఆధారపడ్డ వందల ప్యాకేజీల వాళ్లకు కబురు పెట్టారు. ఆర్‌జీడాల్‌ను వాడుకునే పాత ఎస్‌పీ ప్యాకేజీని ఎస్‌ఎఫ్ మీదికి మళ్లించారు. ఇంత చెప్పి పోయిన ప్యాకేజీలు అరుదు. మెయింటెయినర్ ఈమెయిలు పనిచేయక, అడిగే దిక్కులేక రాలిపోయేవీ ఉంటాయి.

చివరి కూర్పు 1.6-7 ఇప్పటికీ క్రాన్ ఆర్కైవ్‌లో ఉంది. మీ పాత స్క్రిప్టులో రీడ్‌ఓజీఆర్ ఉంటే తీసేసి, ఎస్‌ఎఫ్‌లోని ఎస్‌టీ_రీడ్ పెట్టుకోండి.