గగ్గుడికి సంఘం ఇచ్చిన చోటు

హైదరాబాదు తూర్పున, దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్.బి.నగర్‌కూ నడుమ మెట్రో దారి వెంట కిక్కిరిసిన చైతన్యపురిలో, మూసీ ఒడ్డున ఫణిగిరి గుట్ట మీది కొసగుండ్ల నరసింహస్వామి ఆలయం దగ్గర, ఒక బండరాతిపై బ్రాహ్మీ లిపిలో చెక్కిన ప్రాకృత శాసనం ఉంది. విష్ణుకుండిన రాజు గోవిందవర్మ కాలానిదిగా, అంటే సుమారు క్రీ.శ. 5వ శతాబ్దం నాటిదిగా చరిత్రకారులు గుర్తించిన ఈ శాసనం, ఆ రాజు పేరిట వెలసిన గోవిందరాజ విహారాన్నీ, అక్కడి పిండపాతికులనూ, అనగా ఇంటింటా భిక్ష స్వీకరించి బతికే భిక్షువులనూ పేర్కొంటుంది. హైదరాబాదు నగర పరిధిలో దొరికిన శాసనాల్లో అత్యంత ప్రాచీనమైనదిగా పేరొందిన ఈ రాత, ఈ నేల మీద వ్రాతపూర్వకంగా తెలిసిన తొలి మతసంఘం ఎటువంటిదో కూడా చెబుతున్నది కనుక, మనోవ్యాధిగ్రస్తుల పట్ల మతసంఘాలు నడుచుకున్న తీరును చైతన్యపురి నుంచి మొదలుపెట్టి పరిశీలించడం సమంజసం.

బౌద్ధ విహారాలన్నిటా పక్షానికొకసారి జరిగే సమావేశాన్ని ఉపోసథం అంటారు. ఆనాడు భిక్షువులందరూ ఒకచోట కూడి ప్రాతిమోక్షాన్ని, అంటే తమ నియమావళిని వల్లించాలి. విహారం సరిహద్దు లోపల ఉన్నవారిలో ఒక్కరు అనుమతి తెలపకుండా గైరుహాజరైనా ఆ కార్యం చెల్లదు. మతి చలించిన భిక్షువు ఒకడు సంఘంలో ఉంటే ఏం చేయాలన్న ప్రశ్న ఈ నియమం వల్లనే తలెత్తింది. పాళీ వినయపిటకంలోని మహావగ్గం ప్రకారం, గగ్గుడనే భిక్షువుకు ఉపోసథం ఒకసారి గుర్తుండేది, ఒకసారి ఉండేది కాదు; ఒకసారి వచ్చేవాడు, ఒకసారి వచ్చేవాడు కాదు. సంఘం అతణ్ణి వెళ్లగొట్టలేదు, అతని కోసం కార్యాన్ని నిలిపివేయనూ లేదు. గగ్గుడికి గుర్తున్నా లేకున్నా, అతడు వచ్చినా రాకున్నా, అతనితో కలిసి గాని అతడు లేకుండా గాని ఉపోసథం జరుపుకోవచ్చునని సభలో ప్రతిపాదించి ఆమోదించింది. దీనికి ఉమ్మత్తక సమ్ముతి, అంటే ఉన్మత్తుని విషయమై సంఘం ఇచ్చే సమ్మతి, అని పేరు.

అదే పిటకంలోని చుల్లవగ్గంలో ఈ కథ మరికొంత సాగుతుంది. మతి తప్పి ఉన్నప్పుడు గగ్గుడు భిక్షువుకు తగని పనులెన్నో చేశాడు. కోలుకున్న తరువాత, అవేవీ తనకు గుర్తులేవని ఎంత చెప్పినా, తోటి భిక్షువులు వాటినే ఎత్తిచూపి నిలదీయసాగారు. అప్పుడు బుద్ధుడు అమూఢవినయాన్ని, అంటే ప్రస్తుతం మూఢత్వం తొలగిన వ్యక్తిని నాటి చేష్టల నేరం నుంచి విముక్తుణ్ణి చేసే తీర్పును, అనుమతించాడు. కోలుకున్నవాడు సంఘం ఎదుట మూడు మార్లు విన్నవించుకోవాలి, సంఘం తీర్మానం చేయాలి, ఆపైన ఆ ప్రస్తావన తేరాదు. అయితే చేసినది గుర్తుండీ గుర్తులేదని బొంకినవాడికి ఈ తీర్పు వర్తించదు. వివాదాలను చల్లార్చే ఏడు పద్ధతులలో ఒకటైన ఈ తీర్పు అన్ని బౌద్ధ శాఖల ప్రాతిమోక్షాల చివరా కనిపిస్తుంది గనుక, గోవిందరాజ విహారం ఏ శాఖదైనా, మూసీ ఒడ్డున పదిహేను రోజులకొకసారి దీని పేరు వినిపించి ఉండాలి. రోగం నయం చేస్తామని సంఘం ఎక్కడా మాట ఇవ్వలేదు. రోగి సభ్యత్వాన్ని మాత్రం కాపాడింది.

తరువాతి శతాబ్దాలలో తెలుగునాట ఈ ఆశ్రయమిచ్చే పని గుళ్లకూ దర్గాలకూ సంక్రమించింది. కొసగుండ్లలో కొలువైన దేవుడే యాదగిరిగుట్ట మీద వైద్య నరసింహుడుగా ప్రసిద్ధుడు. దీర్ఘవ్యాధులూ, జనం మాటల్లో గాలి, గ్రహం అనే బాధలూ ఉన్నవారు మండలం రోజులు ప్రదక్షిణలు చేస్తూ గుట్టపైనే నిద్ర చేయడం, స్వామి కలలో కనిపించి వైద్యం చేస్తాడని నమ్మడం అక్కడి పాత ఆచారం. నెల్లూరు జిల్లా ఎ.ఎస్.పేట దర్గాకు కూడా ఇదే ఆశతో మతభేదం లేకుండా కుటుంబాలు వస్తాయి. రోగి వెంట ఇంటి మనిషి ఉండటం, తిండికీ పడకకూ ఇంత చోటు దొరకడం, రోజుకొక క్రమం ఏర్పడటం ఈ ఆచారాలన్నిటిలోనూ సమానం. తమిళనాడులోని ముత్తుస్వామి ఆలయంలో ఆశ్రయం పొందిన 31 మందిని పరిశీలించి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనం, ఉదయపు ప్రార్థన తప్ప ప్రత్యేక చికిత్స ఏదీ లేకుండా, ఊడవడం, మొక్కలకు నీళ్లు పోయడం వంటి పనులతో సగటున ఆరు వారాలు గడిపినవారి లక్షణాల కొలమానం సుమారు 20 శాతం తగ్గినట్టు చూపింది.

అయితే ఆశ్రయం బందిఖానాగా మారిన చరిత్ర కూడా తక్కువది కాదు. ఇంటి మనిషి వెళ్లిపోయి, రోగిని డబ్బు తీసుకుని కనిపెట్టుకునేవారికి అప్పగించిన చోట, ప్రదక్షిణల స్థానంలో గొలుసు వచ్చింది. తమిళనాడులోని ఏర్వాడి దర్గా పరిసరాల్లో వెలసిన ప్రైవేటు ఆశ్రమాలలో ఒకదాంట్లో 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టివేసి ఉన్నందున పారిపోలేక 28 మంది మరణించారు. మనోవ్యాధి ఉన్న వ్యక్తిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదని, 2018 మే 29న అమలులోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ప్రభుత్వ ఆసుపత్రులు సైతం చిరకాలం సమాజానికి దూరంగానే ఉండిపోయాయి: నిజాం రాజ్యపు పిచ్చాసుపత్రి ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న జాల్నా నుంచి 1953లో ఎర్రగడ్డకు తరలివచ్చింది గాని, నగరవాసుల నోట ఎర్రగడ్డ అన్న ఊరి పేరే వెక్కిరింతగా మారింది.

వైద్యానికీ భక్తికీ నడుమ పోటీ అనివార్యం కాదని గుజరాత్‌లోని ఉనావా చూపింది. అక్కడి మీరా దాతార్ దర్గాలో దవా-దువా పేరిట, అంటే మందు, ప్రార్థన అనే జంట పేరుతో, ముజావర్లు, అంటే దర్గా సేవకులు, తమ వద్దకు వచ్చిన రోగులను దర్గా ఆవరణలోనే కూర్చున్న మానసిక వైద్యుని దగ్గరకు పంపే ఏర్పాటు జరిగింది. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే దేశంలోని వయోజనులలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారనీ, వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదనీ తేల్చింది కనుక, ఆసుపత్రి గడప కన్నా గుడి మెట్లూ మసీదు వసారా ముందుగా తొక్కేవారి సంఖ్య ఎంత పెద్దదో ఊహించవచ్చు.

నేటి చైతన్యపురి పరిసరాలు కోచింగ్ సెంటర్లకూ హాస్టళ్లకూ పెట్టింది పేరు. తీవ్రమైన మనోవ్యాధులు తరచుగా తలెత్తే వయసులోనే, ఇల్లు విడిచి వచ్చిన యువత గురువారాల్లో దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి ముందు బారులు తీరుతుంది. భజన మండలికి గాని, మసీదు కమిటీకి గాని, చర్చి సంఘానికి గాని గగ్గుడి వంటి సభ్యుడు ఎదురైతే, 14416 నంబరుపై 2022 అక్టోబరు నుంచి పనిచేస్తున్న మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు ఫోను కలిపి ఇవ్వడం, మందు మానిపించకుండా తీర్థమివ్వడం, ఆసుపత్రి నుంచి తిరిగివచ్చినవాణ్ణి పాత చేష్టలు తవ్వకుండా పంక్తిలో కూర్చోబెట్టడం సాధ్యమైన పనులే. వీటిలో మొదటిది మాత్రమే ఈ కాలపుది. మిగిలినవాటి మూలసూత్రం ఫణిగిరి గుట్ట మీద భిక్షువులు పక్షానికొకసారి కూడుకున్న నాటికే పాతబడిన నియమం.