నొప్పి జెల్ కూడా మందే

అమెరికా వచ్చే అమ్మానాన్నల సూట్‌కేసులో వోలిని ట్యూబు ఉండాల్సిందే. ఇక్కడ 2020 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరుకుతున్న వోల్టరెన్ జెల్‌లో ఉన్నదీ అదే మందు, డైక్లోఫెనాక్. రెండూ కలిపి వాడితే డోసు పెరిగినట్టే. పైపూతే కదా అని మా అత్తగారు జెల్ రాసుకుని ఇబుప్రోఫెన్ మాత్ర కూడా వేసుకునేవారు. రెండూ ఒకే కోవ మందులు. కడుపులో పుండు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం. రక్తం పలచబడే మందులు వాడేవారు, గుండె జబ్బు ఉన్నవారు ముందు డాక్టర్‌ని అడగాలి.

వోల్టరెన్ పెట్టెలో కొలత కార్డు ఉంటుంది, పారేయకండి. మోకాలికి 4 గ్రాములు, మోచేతికి 2, రోజుకు నాలుగుసార్లు. గుణం కనిపించడానికి వారం పట్టొచ్చు. డాక్టర్ చెప్పకుండా 21 రోజులు దాటొద్దు. రాసిన గంట వరకు స్నానం వద్దు. దానిమీద కాపడం అసలే వద్దు. చేతులు కడుక్కున్నాకే మనవణ్ణి ఎత్తుకోమనండి.