గాలి బొమ్మ చరిత్ర: ఎనిమిది దిక్కుల నుంచి పబ్లిక్ హియరింగ్ దాకా

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికతో చదవండి. ఇది ఒక బొమ్మ గురించి. దాని పేరు విండ్ రోజ్. పెద్ద గనో, పవర్ ప్లాంటో మన ఊరి పక్కకు వస్తుందంటే, దాని పర్యావరణ ప్రభావ నివేదికలో ఈ బొమ్మ ఉంటది. దుమ్ము, పొగ ఏ ఊరి మీదికి పోతదో చెప్పేది అదే. వందల పేజీల రిపోర్టులో అది ఒక్క పేజీ. మనోళ్లు ఎక్కువమంది ఆ పేజీని డిజైన్ అనుకొని తిప్పేస్తరు. ఈ బొమ్మ ఎక్కడ పుట్టింది, ఎవరి చేతుల్లో తిరిగింది, మన చేతికి ఎట్ల వస్తది అనేదే ఈ వ్యాసం.

*తెలిసిన గాలి, లెక్క లేని గాలి*

మనోళ్లకు గాలి దిక్కు తెలువదని ఎవరన్న అంటే నవ్వాలె. కల్లంల వడ్లు తూర్పార పట్టే అమ్మ, చాట ఎత్తే ముందు గాలి ఎటునుంచి వస్తుందో చూసే నిలబడ్తది. పొట్టు దూరం పోవాలె, గింజ కాళ్లకాడ పడాలె. పత్తికి మందు కొట్టే నాయిన గాలికి ఎదురు నిలబడి కొట్టడు. తెలుగులో ఒక మూలకు గాలి పేరే పెట్టుకున్నం. వాయువుది వాయవ్యం. గ్రీసు దేశం ఏథెన్స్‌లో సుమారు రెండు వేల ఏండ్ల కిందటి ఒక రాతి కట్టడం ఇప్పటికీ ఉంది. దానికి ఎనిమిది ముఖాలు, ఒక్కో ముఖం మీద ఒక్కో దిక్కు గాలి దేవత బొమ్మ. మనకు ఎనిమిది దిక్కులు, వాళ్లకు ఎనిమిది గాలులు.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తది. గాలికి పేరు అది వచ్చే దిక్కుతో పెడ్తరు, పోయే దిక్కుతో కాదు. నైరుతి రుతుపవనం అంటే నైరుతి నుంచి వచ్చేది. లోకమంతా ఇదే పద్ధతి.

1300 ప్రాంతంలో మధ్యధరా సముద్రం మీద తిరిగే ఓడలవాళ్ల మ్యాపుల్లో ఒక చుక్క నుంచి అన్ని దిక్కులకు గీతలు గీసేవాళ్లు. ముందు ఎనిమిది, తర్వాత పదహారు, ముప్పైరెండు. పువ్వు విచ్చుకున్నట్టు కనపడేది కాబట్టి గులాబీ అన్నరు. విండ్ రోజ్ అనే పేరు అక్కడిదే. అయితే ఆ గులాబీలో దిక్కుల పేర్లే ఉన్నయి. ఏ దిక్కు నుంచి ఎన్ని రోజులు గాలి వీచింది అనే లెక్క లేదు.

*లెక్కను గుండ్రంగా తిప్పిన మనుషులు*

లెక్క వచ్చింది 19వ శతాబ్దంలో, ఫ్రాన్స్‌లో. ఆండ్రే మిషెల్ గెర్రీ అనే ఆయన 1829లో కొన్ని గుండ్రటి పటాలు అచ్చు వేసిండు. గాలి దిక్కు, రోజులో ఏ గంటకు ఎన్ని పుట్టుకలు, ఎన్ని చావులు అనేవి వాటిల్లో చూపించిండు. 1843లో లియోన్ లాలాన్ అనే ఇంజనీరు గాలి దిక్కుల లెక్కను ఇదే తీరుగ చక్రం మీద గీసిండు. దీన్నే ఇప్పుడు పోలార్ హిస్టోగ్రామ్ అంటున్నం. మామూలు హిస్టోగ్రామ్‌లో కడ్డీలు వరుసగా నిలబడ్తయి. ఇందులో అవే కడ్డీలు చక్రం చుట్టూ పువ్వు రేకుల్లెక్క నిలబడ్తయి.

చక్రమే ఎందుకు? చిన్న లెక్క చూడండి. ఉత్తరం సున్నా డిగ్రీలు, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. ఒక రోజు గాలి 350 డిగ్రీల నుంచి వచ్చింది, మర్నాడు 10 డిగ్రీల నుంచి వచ్చింది. రెండూ దాదాపు ఉత్తరపు గాలులే. కానీ సగటు తీస్తే 180 వస్తది, అంటే దక్షిణం! లెక్క తప్పలేదు, పద్ధతి తప్పింది. గీత మీద 350, 10 దూరం దూరం. చక్రం మీద అవి పక్కపక్క ఇండ్లు. దిక్కులు, గడియారం గంటలు, ఏడాది నెలలు, ఇట్ల తిరిగొచ్చే వాటన్నిటికీ చక్రమే సరైన కాగితం.

ఈ గుండ్రటి బొమ్మకు లోకంలో పేరు తెచ్చింది ఫ్లోరెన్స్ నైటింగేల్. మన పుస్తకాల్లో ఆమెను దీపం పట్టుకున్న నర్సు అని మాత్రమే చెప్తరు. ఆమె లెక్కల మనిషి. క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైనికులు ఎట్ల చచ్చిపోతున్నరో నెల నెలా లెక్క వేసింది. 1855 జనవరి ఒక్క నెలలోనే అంటురోగాలతో 2,761 మంది, గాయాలతో 83 మంది, మిగతా కారణాలతో 324 మంది పోయిన్రు. శత్రువు తూటా కంటే మురికి నీళ్లు, మురికి ఆసుపత్రి ఎక్కువ మందిని చంపినయి. 1858లో ఆమె పన్నెండు నెలలను పన్నెండు రేకులుగా గీసి, పెద్దల ముందు పెట్టింది. పట్టికలు చదవని మంత్రులకు కూడా ఆ బొమ్మ అర్థమైంది.

ఆమె చేసిన ఒక సవరణ మనం నేర్చుకోవాలె. మొదటి బొమ్మల్లో చావుల సంఖ్యను రేకు పొడవుతో చూపించింది. పొడవు రెండింతలైతే రేకు వైశాల్యం నాలుగింతలు అయితది, కన్ను మోసపోతది. అందుకే తర్వాత వైశాల్యమే సంఖ్యకు సమానంగా ఉండేటట్టు గీసింది. ఇప్పటి విండ్ రోజులు చాలావరకు పొడవు లెక్కనే గీస్తున్నరు. కాబట్టి రేకు ఎంత లావుగా ఉందని కాదు, అది ఎన్నో వలయం దాకా పోయింది, ఆ వలయం మీద ఎంత శాతం రాసి ఉంది అని చూడాలె.

*మన దేశానికి వచ్చిన లెక్క*

1864 అక్టోబరులో కలకత్తా మీద, నవంబరులో మన మచిలీపట్నం మీద తుఫానులు పడ్డయి. మచిలీపట్నంలో ముప్పై వేల మంది దాకా చనిపోయిన్రని చెప్తరు. తర్వాత కరువులు. ఆఖరికి 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది, హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ దానికి మొదటి పెద్ద. అంతకు ముందే విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు 1840లో సొంత అబ్జర్వేటరీ పెట్టుకున్నడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని నడిపిండు. అంటే తెలుగు నేల మీద ఆకాశం లెక్క, వాతావరణం లెక్క రాసుడు కొత్త పని కాదు.

కానీ ఎక్కడ బంగ్లా ఉందో, ఎక్కడ ఆఫీసు ఉందో అక్కడి గాలికే రిజిస్టరు దొరికింది. మన చుట్టుపక్కల వాతావరణ శాఖ కేంద్రాలు హన్మకొండ, ఖమ్మం, భద్రాచలంలో ఉన్నయి. పొద్దున 8:30కు, సాయంత్రం 5:30కు గాలి రాసుకునే పద్ధతి ఆ శాఖది. తండాలో, గూడెంలో వీచిన గాలి మాత్రం ముసలోళ్ల నోటి మాటగానే మిగిలింది. నోటి మాట నిజమే, కానీ ఆఫీసు టేబుల్ మీద చెల్లదు. ఈ చరిత్రలో నాకు అర్థమైంది ఇదే: గాలి అందరి మీదా వీస్తది, రాసినోళ్ల గాలే సాక్ష్యం అయితది.

*తాడ్వాయి చెట్లు చెప్పే సాక్ష్యం*

2024 ఆగస్టు 31 సాయంత్రం ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవిలో ఏమైందో మనకు తెలుసు. కొద్దిసేపట్లనే యాభై వేలకు పైగా చెట్లు కూలినయని అప్పుడు అటవీ అధికారులు చెప్పిన్రు. అదే వానలకు మర్నాడు మా కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయింది. తాడ్వాయిలో వచ్చింది సుడిగాలా, పైనుంచి ఒక్కసారి కిందికి దూకిన గాలా అని చాలా మంది మాట్లాడుకున్నరు.

దీనికి కూడా పోలార్ హిస్టోగ్రామే దారి. జపాన్‌లో పుట్టిన టెట్సుయా ఫుజిటా అనే శాస్త్రవేత్త 1945లో నాగసాకి, హిరోషిమా వెళ్లి బాంబు తర్వాత మిగిలిన ఆనవాళ్లు చూసిండు. పేలుడు నడిమి నుంచి అన్ని వైపులకు చెట్లు వాలినయి. తర్వాత అమెరికాలో 1974 ఏప్రిల్ టోర్నడోల నష్టం పరిశీలిస్తుంటే, కొన్నిచోట్ల చెట్లు సుడి తిరిగినట్టు కాకుండా నక్షత్రంలెక్క బయటికి పడి కనిపించినయి. ఆ ఆనవాళ్ల నుంచే, మబ్బు నుంచి కిందికి గుద్ది నేల మీద పరుచుకునే గాలి ఉంటదని ఆయన చెప్పిండు. దాని పేరు డౌన్‌బరస్ట్. 1975లో న్యూయార్క్ విమాన ప్రమాదానికి కారణం కూడా అదేనని తేల్చిండు.

అడవిలో ముక్కలు ముక్కలుగా స్థలం ఎంచుకొని, ఒక్కో ముక్కలో కూలిన చెట్ల దిక్కు ఫోన్ కంపాస్‌తో రాసుకుంటే సాక్ష్యం తయారైతది. వేరు నుంచి కొస వైపు చూపించే డిగ్రీలు రాయాలె. అన్ని ముక్కల్లో రేకులు ఒకే దిక్కు ఉంటే నేరుగా దూసుకుపోయిన గాలి. నడిమి నుంచి బయటికి ఉంటే డౌన్‌బరస్ట్. దారి వెంట ఒక పక్క చెట్లు, ఇంకో పక్క చెట్లు లోపలికి ఎదురెదురు వాలి ఉంటే సుడిగాలి. ఒక జాగ్రత్త: చెట్టు గాలి పోయే దిక్కుకు పడ్తది. గాలి వచ్చిన దిక్కు కావాలంటే 180 డిగ్రీలు తిప్పాలె.

*కోడ్‌తో మన గాలి బొమ్మ*

ఇంట్ల కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. నా దగ్గర ల్యాప్‌టాప్ లేదు. దీనికి అవసరం కూడా లేదు. ఫోన్ బ్రౌజర్‌లో గూగుల్ కొలాబ్ తెరిస్తే పైథాన్ నడుస్తది.

డేటాకు నాసా పవర్ అనే ఉచిత వెబ్‌సైటు ఉంది. కేసముద్రానికి అక్షాంశం సుమారు 17.7, రేఖాంశం 79.9 ఇచ్చి, గంట గంటకు గాలి దిక్కు, వేగం అడిగితే ఫైలు వస్తది. ఇది కంప్యూటర్ మోడల్ లెక్క, యాభై కిలోమీటర్ల లాంటి పెద్ద గడికి ఒకే విలువ. గుట్టల నడుమ ఉన్న ఊరి అసలు గాలి దీనికి తేడా ఉండొచ్చు. మండలాల్లో రాష్ట్ర ప్రణాళికా సంస్థ పెట్టిన ఆటోమేటిక్ స్టేషన్లు కూడా ఉన్నయి. రెండూ పక్కపక్క పెట్టి చూడాలె.

తర్వాత చక్రాన్ని 22.5 డిగ్రీల చొప్పున 16 భాగాలు చేయాలె. ఉత్తరం భాగం సున్నాకు అటూ ఇటూ ఉంటది, అంటే 348.75 నుంచి 11.25 దాకా. అందుకే ప్రతి డిగ్రీకి ముందు 11.25 కలిపి, 360 దాటితే 360 తీసేసి, 22.5తో భాగించి, చుక్క తర్వాతి అంకెలు వదిలేయాలె. 350కి చేస్తే సున్నా వస్తది, అంటే ఉత్తరం. ఒక్కో భాగంలో ఎన్ని గంటలు పడ్డయో లెక్కపెట్టి శాతం చేయాలె. గాలి కదలని గంటలను విడిగా పెట్టాలె, దానికి దిక్కు ఉండదు.

గీసేది మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో. పోలార్ గ్రాఫ్ అడిగితే అది లెక్కల పుస్తకం పద్ధతిలో గీస్తది: సున్నా తూర్పున, తిరగడం గడియారానికి ఎదురు. అట్లనే వదిలేస్తే పడమటి గాలి బొమ్మలో దక్షిణాన కనపడ్తది. సున్నాను ఉత్తరానికి పెట్టే లైను ఒకటి, గడియారం వైపు తిప్పే లైను ఒకటి తప్పకుండా రాయాలె. డిగ్రీలను రేడియన్లు చేయాలె. ఆఖరికి పరీక్ష: జులై నెల ఒక్కటే గీయండి. రేకులు పడమర, నైరుతి వైపు రావాలె. రాకపోతే కోడ్‌లో తప్పున్నట్టు. మన వానాకాలమే మన కోడ్‌కు ఇన్విజిలేటర్.

*ఆ ఒక్క పేజీ*

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం పబ్లిక్ హియరింగ్‌కు ముందు 30 రోజుల నోటీసు ఇవ్వాలె, నివేదిక సారాంశం తెలుగులో కూడా ఉండాలె, కలెక్టరేట్‌లో పూర్తి ముసాయిదా చూడొచ్చు. భూపాలపల్లి బొగ్గు గనులు కానీ, రేపు ఇంకెక్కడ వచ్చే గనైనా కానీ, ఆ ముసాయిదాలో విండ్ రోజ్ పేజీ తెరిచి ఈ ప్రశ్నలు అడగండి.

ఏ నెలల గాలి ఇది? మామూలుగా వానాకాలం వదిలి ఒక్క సీజన్ కొలుస్తరు. మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమర, నైరుతి గాలి, అక్టోబరు తర్వాత ఈశాన్యం, తూర్పు గాలి. ఎండాకాలం బొమ్మ ఒక్కటే చూపిస్తే చలికాలంలో దుమ్ము ఎవరి ఇంటికి పోతదో అందులో ఉండదు.

ఎక్కడి గాలి ఇది? గని కాడ కొలిచిందా, దూరపు పట్నంలోదా?

పెద్ద రేకు ఎటు ఉంది? రేకు ఈశాన్యాన ఉంటే గాలి ఈశాన్యం నుంచి వస్తుంది, దుమ్ము నైరుతికి పోతది. రేకు మన తండా వైపు లేదని సంబరపడొద్దు. రేకుకు ఎదురు దిక్కున ఉన్న ఊరే దుమ్ము తినేది. గాలి నాణ్యత కొలిచిన మిషన్లు ఆ ఎదురు దిక్కున ఉన్నయా లేదా చూడండి.

గాలి కదలని శాతం ఎంత? అది ఎక్కువుంటే పొగ ఎటూ పోదు, అక్కడే కూర్చుంటది.

నైటింగేల్ గొంతు పెద్దదని కాదు, ఆమె దగ్గర లెక్క ఉండె. హియరింగ్‌లో మనోళ్లు మైకు పట్టుకొని బాధ చెప్తరు, అధికారులు రాసుకుంటరు, అయిపోతది. ఈసారి బాధతో పాటు నాలుగు సీజన్ల నాలుగు బొమ్మలు కూడా ఇద్దాం. మనం రాతపూర్వకంగా ఇచ్చినదానికి వాళ్లు జవాబు రాయాలె.

ఒక చిన్న పని అడుగుతున్న. మీ ఊర్ల పెద్దోళ్లు ఏ నెలలో ఏ దిక్కు గాలిని ఏమని పిలుస్తరో, కోయలో, లంబాడీలో, తెలుగులో అడిగి ఇక్కడ రాయండి. మీ మండలం పేరు కూడా పెట్టండి. బొమ్మలు నేను గీసి పెడ్త. పెద్దోళ్ల మాట, కోడ్ బొమ్మ ఎక్కడ కలుస్తయో, ఎక్కడ కలవయో అందరం కలిసి చూద్దాం.

— కేసముద్రం నుంచి, మీ హాస్టల్ తమ్ముడు