ఉల్లేఖనల లెక్కకు అందని సి.ఆర్. రావు

కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10న హడగలిలో జన్మించారు. ఆ ఊరు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్లారి జిల్లాలో ఉండేది. నేడు కర్ణాటకలోని విజయనగర జిల్లాలో ఉంది. ఇంటి భాష తెలుగు. తండ్రి పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టరు కావడంతో బదిలీల వెంట గూడూరు, నూజివీడు, నందిగామ బడుల్లో చదువు సాగింది. విశాఖపట్నంలో స్థిరపడ్డాక ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఎ. పూర్తిచేశారు. యుద్ధకాలంలో ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, అది దొరకక, 1941 జనవరిలో మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు.

ఆయన ప్రచురణల పట్టికలో మూడు వందలకు మించిన పరిశోధన వ్యాసాలున్నాయి. ఒక వ్యాసాన్ని తరువాతి వారు ఎన్నిసార్లు పేర్కొన్నారో లెక్కించడం ద్వారా దాని ప్రభావాన్ని అంచనా వేసే పద్ధతి, యూజీన్ గార్ఫీల్డ్ అమెరికాలో 1960లలో ఉల్లేఖన సూచికను వెలువరించినప్పటి నుంచి విస్తరించింది. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ‘హెచ్-సూచిక’ను ప్రతిపాదించారు. కనీసం 20 సార్లు చొప్పున ఉల్లేఖనకు వచ్చిన వ్యాసాలు 20 ఉంటే సూచిక 20 అన్నమాట. ఉద్యోగాలు, పదోన్నతులు కూడా ఇలాంటి అంకెల మీద ఆధారపడే రోజులివి కనుక, రావుగారి విషయంలో ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో చూడటం అవసరం.

1943లో ఆయన కలకత్తా విశ్వవిద్యాలయంలో ఎం.ఎ. విద్యార్థులకు పాఠం చెబుతున్నారు. నమూనా చాలా పెద్దదైనప్పుడు అంచనాలో ఉండే దోషానికి ఫిషర్ చెప్పిన ఫలితాన్ని వివరిస్తుండగా, చిన్న నమూనాలకు కూడా ఇటువంటిది ఉందా అని ఒక విద్యార్థి అడిగాడు. ఆ విద్యార్థి వి.ఎం. దండేకర్. తరువాత పుణెలో ఆర్థికవేత్తగా, భారతదేశంలో పేదరికంపై చేసిన అధ్యయనంతో ప్రసిద్ధులైనది ఆయనే. రావుగారు ఆ రాత్రే కూర్చుని సమాధానం సాధించారు. అది 1945లో కలకత్తా గణిత సంఘపు బులెటిన్‌లో అచ్చయింది. ఒక వైపుకు మొగ్గని అంచనా పద్ధతి ఎంత గొప్పదైనా, దాని ఫలితాల చెదురు ఒక హద్దుకన్నా తగ్గదు. ఆ హద్దును కొలతల్లో ఉన్న సమాచారమే నిర్ణయిస్తుంది. ఇదీ దాని సారం. పదిపన్నెండు పుటల ఆ వ్యాసంలోనే నేడు రావు-బ్లాక్‌వెల్ పేరుతో చెప్పుకునే సిద్ధాంతమూ, సంభావ్యతా నమూనాల మధ్య దూరాన్ని జ్యామితితో కొలిచే ఆలోచనా ఉన్నాయి.

ఈ హద్దుకు స్వీడన్‌కు చెందిన క్రామేర్ పేరు కూడా కలిసింది. ఆయన దాన్ని 1946 నాటి పుస్తకంలో ఇచ్చారు. ఫ్రాన్స్‌లో ఫ్రెషే 1943లోనే ఇటువంటి ఫలితాన్ని ప్రకటించారన్నదీ చెప్పాలి. యుద్ధకాలంలో పత్రికలు ఒక దేశం నుంచి మరొక దేశానికి సరిగా చేరేవి కావు; ఎవరికి వారే కనుక్కున్నారు.

రాడార్ ఒక విమానం దూరాన్ని ఎంత కచ్చితంగా చెప్పగలదో తేల్చడానికి ఇంజనీర్లు ఈ హద్దునే వాడతారు. కొత్త దూరదర్శిని ఏ మేరకు కొలవగలదో ముందుగా లెక్కగట్టే ఖగోళ శాస్త్రజ్ఞులూ అంతే. 1967లో హెల్‌స్ట్రామ్ దీన్ని క్వాంటం భౌతికానికి విస్తరింపజేశారు. వీరిలో ఎందరు కలకత్తా బులెటిన్‌ను పేర్కొంటారు? ‘క్రామేర్-రావు హద్దు’ అని రాసి, తమకు అందుబాటులో ఉన్న పాఠ్యపుస్తకాన్ని చూపి ఊరుకునేవారే ఎక్కువ. కొందరు అదీ చూపరు. ఒక భావం అందరి సొత్తయితే దాన్ని పుట్టించిన వ్యాసం కనుమరుగవుతుందని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ గుర్తించారు. సూచిక లెక్కలో అది లోటుగా కనిపిస్తుంది. నిజానికి అంతకు మించిన ప్రభావం లేదు.

పేరు కూడా మిగలని సందర్భాలున్నాయి. 1948లో రావుగారు ఇచ్చిన ‘స్కోర్ పరీక్ష’ అర్థశాస్త్ర గణనలో ‘లగ్రాంజ్ గుణక పరీక్ష’గా చలామణీ అయింది, ఆ పేరు 1950ల చివర సిల్వే రచనలతో వచ్చింది. 1947లో ఆయన రూపొందించిన లంబ విన్యాసాలు, వస్తువుల నాణ్యత పెంచేందుకు జపాన్‌లో తగుచి ప్రచారం చేసిన ప్రయోగ పద్ధతులకు ఆధారమయ్యాయి. తగుచి 1950ల మధ్యలో కలకత్తా సంస్థలో కొంతకాలం గడిపినవారే. కర్మాగారాల్లో నేటికీ తగుచి పేరే వినిపిస్తుంది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా ఒకటుంది. 1982లో, అరవయ్యో పడిలో అడుగుపెట్టాక, జనసమూహాల్లోని వైవిధ్యాన్ని కొలిచేందుకు ఆయన ఒక సూత్రం ప్రచురించారు. ఎన్ని రకాలున్నాయన్నదే కాక, ఆ రకాల మధ్య తేడా ఎంతన్నది కూడా అందులో చేరుతుంది. జీవావరణ శాస్త్రజ్ఞులు దాన్ని విస్తృతంగా చేపట్టింది రెండు దశాబ్దాల తరువాత. మొక్కల ఎత్తు, ఆకుల వైశాల్యం వంటి లక్షణాలతో అడవుల వైవిధ్యాన్ని లెక్కించేవారు దాన్ని ‘రావు క్యు’ అంటారు. రెండు మూడేళ్ల ఉల్లేఖనలు చూసి ఎవరైనా తీర్పు చెప్పి ఉంటే, ఆ వ్యాసం విలువ తెలిసేది కాదు.

గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆయనకు ప్రకటించారు. అందుకు పేర్కొన్నది 1945 నాటి ఆ వ్యాసాన్నే. అదే సంవత్సరం ఆగస్టులో ఆయన అమెరికాలో మరణించారు.