కృష్ణా డెల్టాలో స్త్రీల బలవర్ధకాలు: ఎంపిక ఎవరిది?

కొండమీది నరసింహస్వామికి బెల్లపు పానకమే ప్రధాన నివేదనగా ఉన్న మంగళగిరిలోనూ, దాని చుట్టూ కృష్ణకు ఇరువైపులా పరచుకున్న డెల్టా గ్రామాలలోనూ, స్త్రీకి బలం చేకూర్చవలసి వచ్చినప్పుడు ఇంటివారు మొదట వెదికిన వస్తువు కూడా బెల్లమే. ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు నువ్వులు, బెల్లం కలిపి రోట్లో దంచిన చిమ్మిలిని, మినుములు వేయించి విసిరిన పిండిలో బెల్లం, నెయ్యి కలిపి కట్టిన సున్నుండలను పెట్టేవారు. కాన్పు తరువాత శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము మొదలైన దినుసులను బెల్లంతో పాకం పట్టి, నెయ్యి పోసి చేసిన బాలింత కాయాన్ని రోజుకొక ముద్ద చొప్పున తినిపించేవారు. పాలు పడటానికి తెలగపిండి, అంటే నువ్వుల నుంచి నూనె తీయగా మిగిలిన పిండిని, మునగాకుతో కలిపి కూర వండేవారు. వీటిలో ఏది, ఎంత, ఎన్నాళ్లు అన్న నిర్ణయం తినవలసిన స్త్రీది కాదు. అది ఆమె తల్లి, అత్త, మంత్రసాని కలిసి చేసిన నిర్ణయం.

ఈ పద్ధతిలోని వివేకాన్ని తక్కువ చేయనవసరం లేదు. నువ్వులలో కాల్షియం సమృద్ధిగా ఉంటుంది; మినుములు మాంసకృత్తులనిస్తాయి; మునగాకులో ఇనుముతో పాటు విటమిన్-ఏగా మారే కెరోటిన్ కూడా ఉంటుంది. అయితే బెల్లానికి రక్తం పట్టించే శక్తి ఉన్నదన్న నమ్మకం మాత్రం అతిశయోక్తే; అందులోని ఇనుము పాకం కాచే పెనాన్ని బట్టి, తయారీని బట్టి మారుతూ ఉంటుంది. గింజలలోని ఇనుము సైతం, అందులోనే ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు అడ్డుపడటం వల్ల, శరీరానికి పూర్తిగా అందదు. అంతకన్నా పెద్ద లోపం మరొకటి ఉన్నది. కాయం, చిమ్మిలి సందర్భాన్ని బట్టి వచ్చే ఆహారాలు. సమర్తకూ పురిటికీ మధ్య, పురిటికీ పురిటికీ మధ్య, పొలంలో నాట్లు వేస్తూనో మగ్గానికి కండెలు చుడుతూనో గడిపే ఏళ్లలో అందరి తరువాత అన్నం తినే స్త్రీకి వాటిలో వాటా లేదు. పైగా బాలింత పథ్యం పేరుతో కొన్నాళ్లపాటు పప్పు, ఆకుకూరలు, చివరకు మంచినీళ్లు కూడా తగ్గించి, వెల్లుల్లి కారంతో అన్నం పెట్టిన ఇళ్లలో, కాయం ఒక చేత్తో ఇచ్చినదాన్ని పథ్యం మరో చేత్తో లాక్కున్నది.

1855 నాటికి బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన తరువాత, డెల్టాలో వరి సాగు విస్తరించి అన్నమే ప్రధానాహారమైంది. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో మర బియ్యం వాడకం పెరగడంతో, దంపుడు బియ్యంలో గింజను అంటిపెట్టుకుని ఉండే తవుడు పొరతో పాటు విటమిన్ బి1 కూడా పళ్లెంలోంచి తొలగిపోయింది. ఈ విటమిన్ కొరవడితే నరాలు, గుండె దెబ్బతినే బెరిబెరి వ్యాధి వస్తుంది. తమిళ జిల్లాలలో వడ్లను ఉడకబెట్టి ఆరబోసి ఆడించే ఉప్పుడు బియ్యం తినేవారు గనుక, ఉడికేటప్పుడు బి1 గింజలోకి ఇంకి అక్కడి వారికి చాలావరకు రక్షణ దొరికింది. పచ్చి బియ్యం ఇష్టపడిన సర్కారు జిల్లాలలో వ్యాధి స్థిరపడింది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో ప్రారంభించిన బెరిబెరి పరిశోధనా విభాగమే క్రమంగా పెరిగి, హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా పేరొందింది. స్త్రీల దృష్టితో చూస్తే ఈ వ్యాధిలో దారుణమైన అంశం ఒకటున్నది: తల్లికి బి1 చాలకపోతే ఆమె పాలలోనూ చాలదు గనుక, తల్లి పైకి ఆరోగ్యంగానే కనిపిస్తూండగా చంటిబిడ్డ హఠాత్తుగా మరణించే ప్రమాదం ఉండేది. ఏ ఇంటి పెద్దా కంటితో పసిగట్టలేని లోపం ఇది; కొలిచి చూస్తే తప్ప తెలియదు.

కొలిచి చూసే సాధనాలు పల్లెకు చేరకముందే తపాలా పార్సిల్ చేరింది. ఒంగోలు ప్రాంతపు ఇనమనమెళ్లూరులో 1875లో పుట్టి, బీదరికంలో మద్రాసు చేరి వైద్యుడైన కోట నరసింహ కేసరి, అక్కడ కేసరి కుటీరం అనే ఔషధశాలను స్థాపించి, స్త్రీల కోసం ‘లోధ్ర’ అనే టానిక్కును ప్రచారంలోకి తెచ్చారు. ఆయుర్వేదం స్త్రీల వ్యాధులకు చెప్పిన లొద్దుగ చెట్టు సంస్కృత నామమే ఆ సీసాకు పెట్టారు. 1928లో ఆయన ప్రారంభించిన ‘గృహలక్ష్మి’ మాసపత్రికలోనే బాపట్లకు చెందిన కనుపర్తి వరలక్ష్మమ్మ ‘శారద లేఖలు’ వెలువడ్డాయి; రచయిత్రులను స్వర్ణకంకణంతో సత్కరించే సంప్రదాయమూ ఆ పత్రికదే. టానిక్కు అమ్మిన చేతులే స్త్రీలకు పత్రికనూ నడిపాయన్న విషయం యాదృచ్ఛికంగా కొట్టిపారేయదగినది కాదు. చదువుకున్న గృహిణి అత్తగారికి కూడా చెప్పుకోలేని నెలసరి బాధను ప్రకటనలో చదివి, ఒక కార్డు ముక్క రాసి మందు తెప్పించుకోగలిగింది. ఎంపిక మొదటిసారిగా, కొంతవరకైనా, ఆమె చేతికి వచ్చింది. కాని ఆ ఎంపికకు ఆధారం ప్రకటనలోని మాటలే తప్ప పరీక్ష కాదు. ఇటువంటి ప్రకటనలు దేశమంతటా వెల్లువెత్తిన మీదట, 1954లో భారత ప్రభుత్వం చేసిన అభ్యంతరకర ఔషధ ప్రకటనల చట్టం, నెలసరి దోషాలను సవరిస్తామని మందులను ప్రచారం చేయడాన్ని నిషేధించింది.

పరీక్ష ముందు, మందు తరువాత అనే వరుసకు ఉత్తమమైన ఉదాహరణలో తెలుగు శాస్త్రవేత్త పాత్ర ఉండటం విశేషం. 1928లో బొంబాయి వచ్చిన ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్, అక్కడి నూలు మిల్లులలో పనిచేసే గర్భిణులతో సహా పేద స్త్రీలలో కనిపించిన తీవ్రమైన రక్తహీనతను పరిశీలించి, మార్మైట్ అనే ఈస్టు సారం దానిని నయం చేస్తుందని 1931లో ప్రకటించారు. ఆ సారంలోని తెలియని పదార్థమే తరువాత ఫోలిక్ ఆమ్లంగా గుర్తింపు పొందింది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల బృందం దానిని కృత్రిమంగా తయారుచేసి 1945లో వెల్లడించింది. పేగులు పోషకాలను పీల్చుకోలేని స్ప్రూ అనే వ్యాధి సుబ్బారావు కుటుంబాన్ని కలచివేసింది. ఆయనకే ఆ జబ్బు సోకినప్పుడు స్వస్థత చేకూర్చినది ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి. ఫోలిక్ ఆమ్లం ఆ వ్యాధికి కూడా చికిత్స అయింది. గర్భధారణకు ముందు నుంచే దానిని తీసుకుంటే శిశువు వెన్నుపాము లోపాలు చాలావరకు తప్పుతాయని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి అధ్యయనం నిరూపించింది.

ఈ రసాయనమే ఇనుముతో కలిసి 1970లో ప్రభుత్వ కార్యక్రమం ద్వారా గర్భిణుల చేతికి వచ్చింది. మాత్ర వేసుకుంటే వికారం, మలబద్ధకం కలగడం, మలం నల్లబడటం, బిడ్డ నల్లగా పుడుతుందనో మరీ పెద్దదై కాన్పు కష్టమవుతుందనో భయపడటం వంటి కారణాల వల్ల ఎన్నో మాత్రలు డబ్బాలలోనే మిగిలిపోయాయి. భోజనం వెంటనే టీ తాగితే ఇనుము ఒంటబట్టదనీ, నిమ్మరసం వంటి పులుపు తోడైతే బాగా పడుతుందనీ మాత్రతో పాటే చెప్పి ఉంటే కొంత ఫలం దక్కేది. 2018లో మొదలైన రక్తహీనత నిర్మూలన కార్యక్రమం మాత్రతో పాటు రక్తపరీక్షను, నులిపురుగుల నివారణను జతచేసింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నది. భారత వైద్య పరిశోధనా మండలి 2020లో నిర్ణయించిన ప్రకారం పురుషుడికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము చాలితే స్త్రీకి 29 కావాలి. ఇంటి వడ్డనలో మాత్రం ఈ లెక్క తలకిందులుగానే నడుస్తున్నది.

2020 సెప్టెంబరులో మొదలైన సంపూర్ణ పోషణ పథకం కింద అంగన్‌వాడీల ద్వారా ఇచ్చే వస్తువులలో తరువాతి కాలంలో రాగిపిండి, బెల్లం, చిక్కీ, ఖర్జూరం చేరాయి. వరి రాకతో డెల్టా మరచిన రాగి ప్రభుత్వ సంచిలో తిరిగి వచ్చిందన్నమాట. చౌకదుకాణాల బియ్యంలో నూటికి ఒకటి చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 చేర్చి గింజల ఆకారంలో ఒత్తిన బియ్యాన్ని కలుపుతూ వచ్చారు. నీళ్లలో తేలే ఆ గింజలను ప్లాస్టిక్ బియ్యమని అనుమానించి ఏరి పారేసిన ఇళ్లు తక్కువ కాదు. ఒకనాడు విటమిన్‌ను తీసేసిన మర ఈ కాలంలో పోషకాన్ని కలిపింది గాని, ఆ సంగతి వండే మనిషికి చెప్పే బాధ్యత అప్పుడూ ఇప్పుడూ ఎవరూ సరిగా తీసుకోలేదు.

2018లో విజయవాడలోని తాత్కాలిక ప్రాంగణంలో తరగతులు ప్రారంభించి 2024 ఫిబ్రవరిలో జాతికి అంకితమైన మంగళగిరి ఎయిమ్స్ వంటి సంస్థలలో హిమోగ్లోబిన్ మాత్రమే కాక ఫెరిటిన్, అంటే శరీరంలో నిల్వ ఉన్న ఇనుము, బి12, విటమిన్-డి స్థాయిలు కూడా కొలిచే వీలు ఏర్పడింది. ఆ కొలత ముఖ్యమైనది. ఎందుకంటే రక్తహీనత అంతా ఇనుము లోపం కాదు, వంశపారంపర్య రక్తదోషమైన తలసీమియా లక్షణమున్న స్త్రీ నిల్వలు చూసుకోకుండా ఏళ్ల తరబడి ఇనుము వాడితే అది హాని చేయవచ్చు. మరోవైపు మందుల దుకాణాలలో స్త్రీల పేరిట అమ్ముడయ్యే పొడులు, జెల్లీ బిళ్లలు 2016 నాటి నియమావళి ప్రకారం ఔషధాలు కావు, ఆహార పదార్థాలు. వాటి మీద ఆహార భద్రతా సంస్థ అనుమతి సంఖ్యతో పాటు, ఔషధంగా వాడరాదన్న హెచ్చరిక కూడా ముద్రించి ఉండాలి. ఆ హెచ్చరిక చిన్న అక్షరాలలోనూ, బలం, కాంతి, హార్మోన్ల సమతుల్యం అనే మాటలు పెద్ద అక్షరాలలోనూ కనిపిస్తాయి.