కారుకి ముక్కు ఎప్పుడు వచ్చింది? ఎయిర్ ఫిల్టర్ వెనక వందేళ్ల కథ

ఈ రోజు టాపిక్ కారు ఎయిర్ ఫిల్టర్. తెలుసు, టైటిల్ చూసి సగం మంది స్క్రోల్ చేసేసి ఉంటారు. ఉన్నవాళ్లకి ముందు ఒక లెక్క చెప్తాను.

పెట్రోల్ ఇంజిన్‌లో 1 కిలో పెట్రోల్ సరిగ్గా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. లీటర్ పెట్రోల్ అంటే సుమారు ముప్పావు కిలో. అంటే 11 కిలోల గాలి. గాలి తేలిక కాబట్టి అది దాదాపు 9,000 లీటర్లు అవుతుంది. మన ఇళ్లకి వచ్చే 20 లీటర్ల వాటర్ టిన్నులు ఒక 450 ఖాళీవి పక్కపక్కన పేర్చినట్టు ఊహించుకోండి. వాటిలో పట్టే గాలంతా ఒక్క లీటర్ పెట్రోల్‌కి సరిపోతుంది. మరి ఆ గాలిలో ఉన్న దుమ్ము ఎక్కడికి పోవాలి?

మొదట్లో నేరుగా ఇంజిన్‌లోకే పోయేది. 1908 నుంచి 1927 దాకా ఫోర్డ్ కంపెనీ మోడల్ టి కార్లు కోటిన్నర తయారు చేసింది. అమెరికాలో మామూలు మనిషిని కారెక్కించింది ఆ బండే. దానికి ఎయిర్ ఫిల్టర్ లేదు. అప్పుడు అక్కడ రోడ్లు కూడా చాలావరకు మట్టి రోడ్లే. మట్టిలో ఉండే ఇసుక రేణువు ఇంజిన్ లోపలి ఇనుము కంటే గట్టిది. అది ఆయిల్‌తో కలిస్తే అచ్చం గ్రైండింగ్ పేస్ట్ లాగా పనిచేస్తుంది. పిస్టన్ పైకీ కిందకీ ఆడిన ప్రతిసారీ సిలిండర్ గోడని కొంచెం కొంచెం గీకుతుంది. మన మెకానిక్‌లు "బోర్ అరిగిపోయింది సార్, ఆయిల్ తాగుతోంది" అంటారే, అదే ఇది. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే కథ అక్కడిదాకా వచ్చినట్టు.

విచిత్రం ఏంటంటే, ఈ సమస్యని ముందుగా సీరియస్‌గా తీసుకున్నది కార్ల వాళ్లు కాదు, ట్రాక్టర్ల వాళ్లు. కారు తను లేపిన దుమ్ముని వెనక వదిలేసి ముందుకి వెళ్లిపోతుంది. ట్రాక్టర్ నెమ్మదిగా, రోజంతా, తను లేపిన దుమ్ములోనే తిరుగుతుంది. 1915లో ఫ్రాంక్ డొనాల్డ్‌సన్ అనే ట్రాక్టర్ సేల్స్‌మన్ యూటా రాష్ట్రంలో ఒక రైతు దగ్గరికి వెళ్లాడు. ఆ రైతు ట్రాక్టర్ ఇంజిన్ దుమ్ముకి మాటిమాటికీ పాడవుతోంది. డొనాల్డ్‌సన్ తీగలతో ఒక బోను లాంటిది చేసి, దాని చుట్టూ మెత్తటి గుడ్డ చుట్టి, గాలి పీల్చే చోట పెట్టాడు. పెద్ద సైన్స్ ఏం లేదు, మనం బండి మీద వెళ్తూ మొహానికి కర్చీఫ్ కట్టుకోవడం లాంటిదే. ఆయన పేరు మీద మొదలైన కంపెనీ ఇప్పటికీ ఫిల్టర్లే తయారు చేస్తోంది.

1917లో వచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టర్‌లో అయితే గాలిని నీళ్లలోంచి పంపేవాళ్లు. అంటే ఇంజిన్‌కి హుక్కా. నీళ్లు ఆవిరైపోతుంటాయి కాబట్టి పోస్తూనే ఉండాలి.

నీళ్ల తర్వాత ఆయిల్ వచ్చింది. అది మాత్రం మనకి బాగా తెలిసిన సంగతే. మీ ఊళ్లో పాత ట్రాక్టరో, పాత జీపో ఉంటే దానికి కింద గిన్నె తగిలించిన ఒక గుండ్రటి డబ్బా ఉంటుంది, చూడండి. దాన్నే ఆయిల్ బాత్ అంటారు. లోపలికి వచ్చిన గాలి ఆ గిన్నెలో ఆయిల్ దాకా దిగి, ఒక్కసారిగా పైకి తిరుగుతుంది. బస్సు సడన్‌గా మలుపు తిరిగితే నిలబడ్డవాళ్లు పక్కకి పడిపోతారు కదా, దుమ్ము కూడా అంతే. గాలితో పాటు తిరగలేక ఆయిల్‌లో పడిపోతుంది. మిగిలింది ఆయిల్‌తో తడిసిన జాలీకి అంటుకుంటుంది. ఆయిల్ బురదలా చిక్కబడితే పారబోసి, జాలీని డీజిల్‌తో కడిగి, గీత దాకా కొత్త ఆయిల్ పోయాలి. కొనాల్సిన పార్ట్ అంటూ ఏమీ లేదు. రైతు చేతిలోనే అయిపోయే పని. నా లెక్కలో ఈ మొత్తం కథలో బెస్ట్ డిజైన్ ఇదే.

ఫిల్టర్ లేకపోతే ఏమవుతుందో ప్రపంచానికి గట్టిగా చూపించింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధం. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ స్పిట్‌ఫైర్ విమానాలు ఇసుక పీల్చకుండా ముక్కు కింద వోక్స్ అనే పెద్ద ఫిల్టర్ బిగించారు. ఇంజిన్ బతికింది గానీ, విమానం స్పీడ్ పడిపోయింది. శత్రు విమానం వెనకపడినప్పుడు ఆ తేడా ప్రాణం మీదకి వస్తుంది. అప్పుడు ఈజిప్టులో అబూకిర్ దగ్గరున్న ఎయిర్‌ఫోర్స్ రిపేర్ యూనిట్ తనే ఒక చిన్న ఫిల్టర్ తయారు చేసుకుంది. శుభ్రమైన గాలి కావాలా, ఎక్కువ గాలి కావాలా అన్న ఈ గొడవ ఈ రోజుకీ ప్రతి ఫిల్టర్‌లో ఉంది.

ఇంకో కథ ఇంకా ఘోరం. 1942లో సోవియట్ యూనియన్ తన టి-34 ట్యాంక్‌ని టెస్ట్ చేయమని అమెరికాలోని అబెర్డీన్‌కి పంపింది. యుద్ధంలో పెద్ద పేరున్న ట్యాంక్ అది. టెస్ట్‌లో 343 కి.మీ. తిరిగాక ఇంజిన్ బాగుచేయలేనంతగా పాడైపోయింది. కారణం ఎయిర్ ఫిల్టర్. దుమ్ము ఆపదు, పైగా గాలి కూడా సరిగ్గా రానివ్వదు. ఇలాంటిది డిజైన్ చేయాలంటే కావాలని కుట్ర చేసినవాడే అయ్యుండాలి అని అమెరికన్లు అన్నట్టు సోవియట్ రిపోర్ట్ ఒకటి చెప్తుంది. తర్వాత సోవియట్ వాళ్లు సైక్లోన్ ఫిల్టర్లకి మారారు. గాలిని గిర్రున తిప్పితే దుమ్ము గోడకి కొట్టుకుని కిందకి జారుతుంది. మన రైస్ మిల్లుల మీద గరాటు ఆకారంలో పెద్ద రేకు డబ్బాలు కనిపిస్తాయే, అదే సూత్రం.

యుద్ధం తర్వాత మడతల కాగితం ఫిల్టర్ వచ్చింది. తేలిక, చవక, వాడి పడేయడమే. అక్కడి నుంచి అది సర్వీస్ బిల్లులో ఒక లైన్ అయిపోయింది.

ఆ లైన్ దగ్గర మనం వినే మాట ఒకటి ఉంటుంది: "ఫిల్టర్ మారిస్తే మైలేజ్ పెరుగుతుంది సార్." కార్బ్యురేటర్ రోజుల్లో అది నిజమే. గాలి తగ్గినా పెట్రోల్ అదే లెక్కలో పడేది, కొంత వేస్ట్. ఇప్పటి కార్లలో గాలి ఎంత వస్తుందో సెన్సార్ కొలుస్తుంది, ఈసీయూ దానికి తగ్గట్టు పెట్రోల్ తగ్గిస్తుంది. ఇన్‌పుట్ తగ్గితే అవుట్‌పుట్ తగ్గుతుంది, అంతే. 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ ఇదే టెస్ట్ చేసింది. కొత్త తరం కార్లలో మూసుకుపోయిన ఫిల్టర్ మార్చినా మైలేజ్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, పికప్ మాత్రం మెరుగుపడింది. కాబట్టి ఫిల్టర్ మార్చేది బోర్ కోసం, పికప్ కోసం. మైలేజ్ పేరు చెప్పి ప్రతి సర్వీస్‌కీ మార్చాలంటే ఒప్పుకోవాల్సిన పని లేదు. చాలా కార్ల మాన్యువల్స్‌లో 30-40 వేల కి.మీ. మధ్య మార్చమని ఉంటుంది, దుమ్ము రోడ్లయితే ఇంకా ముందే. ఇంకోటి, కంప్రెసర్‌తో గట్టిగా గాలి కొట్టిస్తే కాగితానికి కంటికి కనపడని చిరుగులు పడొచ్చు. కొంచెం మాసిన ఫిల్టర్ కంటే చిరిగిన ఫిల్టర్ ప్రమాదం.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఇంజిన్ ఊపిరి గురించే. మరి లోపల కూర్చున్న మనిషి సంగతి? 1938లో అమెరికాలో నాష్ కంపెనీ బయటి గాలిని ఫిల్టర్ చేసి, వేడి చేసి లోపలికి పంపే సిస్టమ్ తెచ్చింది. కానీ క్యాబిన్ ఫిల్టర్ అనేది మామూలు కార్లలోకి వచ్చింది 1990లలో, అదీ ముఖ్యంగా యూరప్‌లో పుప్పొడి ఎలర్జీల వల్ల. ఇంజిన్‌కి కర్చీఫ్ కట్టిన చాలా దశాబ్దాల తర్వాత మన వంతు వచ్చిందన్నమాట. 2015లో టెస్లా మోడల్ ఎక్స్‌కి ఏకంగా జీవాయుధాల నుంచి కాపాడే మోడ్ అని పేరు పెట్టి అమ్మింది. మన దగ్గర చాలా చిన్న కార్ల బేస్ వేరియంట్లలో ఫిల్టర్ పెట్టే చోటు ఉండేది, ఫిల్టర్ ఉండేది కాదు. ఖర్చు తగ్గించాలంటే ముందు తీసేసేది అదే.

అందుకే ఈ వీకెండ్ ఒక పని చేయండి. గ్లవ్ బాక్స్ తెరిచి, రెండు పక్కలా నొక్కి కిందకి దింపండి. చాలా కార్లలో దాని వెనకే ఒక సన్నటి మూత ఉంటుంది. తీస్తే ఫిల్టర్ బయటికి వస్తుంది, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. నల్లగా, ఆకులూ వెంట్రుకలతో ఉంటే మార్చేయండి. ఖాళీగా ఉంటే మీ మోడల్‌కి సరిపోయేది కొని పెట్టుకోవచ్చు. మామూలు ఫిల్టర్ దుమ్మునే ఆపుతుంది. పొగ వాసన కూడా తగ్గాలంటే బొగ్గు పొర ఉన్నది అడగండి. కొత్తది పెట్టేటప్పుడు అంచు మీద బాణం గుర్తు ఉంటుంది, అది గాలి వెళ్లే దిక్కుకి ఉండాలి. మూత తీయగానే ఏం కనిపించిందో కామెంట్‌లో రాయండి. ఎలుక గూడు కనిపించినా సరే, రాయండి.