నోరు మూస్తే చేతులు మాట్లాడాయి

1180 ప్రాంతంలో గెరాల్డ్ అనే వేల్సు పండితుడు ఇంగ్లండులోని కాంటర్‌బరీ మఠంలో విందుకు కూర్చున్నాడు. భోజనశాలలో సన్యాసులు మాట్లాడకూడదు. ఎవరూ మాట్లాడలేదు కూడా. కానీ వాళ్ళ వేళ్ళు, చేతులు మాత్రం ఒక్క క్షణం ఊరుకోలేదు. పదహారు రకాలకు తగ్గని వంటకాలు బల్ల మీదికి వస్తుంటే, ఇదిటు పంపు, అదటు ఇవ్వు అంటూ ఒకటే సైగలు. నాటకాల వాళ్ళ మధ్య కూర్చున్నట్టుందనీ, ఈ మూగ వాగుడు కన్నా మర్యాదగా నాలుగు మాటలు మాట్లాడుకోవడమే నయమనీ అతను తర్వాత రాశాడు. గెరాల్డ్‌కు సన్యాసులంటే ఎలాగూ పడదు. కాబట్టి ఆ వెటకారంలో కొంత తీసేసే చదువుకోవాలి. సైగలు మాత్రం కల్పన కాదు.

పడమటి దేశాల క్రైస్తవ మఠాలకు మూలమైన నియమావళిని ఇటలీలో పునీత బెనెడిక్టు 6వ శతాబ్దంలో రాశాడు. 73 అధ్యాయాల ఆ చిన్న పుస్తకంలో ఆరోది మౌనం గురించి. మౌనవ్రతం అనగానే మనకు తోచేది వేరు. బెనెడిక్టు సన్యాసి చేసే ప్రమాణాల్లో మౌనం లేనే లేదు. చెప్పడం గురువు పని, వినడం శిష్యుడి పని, కాబట్టి అవసరం లేనిదే నోరు తెరవొద్దన్నాడు, అంతే. భోజనాల దగ్గర ఒకరు గ్రంథం చదువుతుంటే మిగతావాళ్ళు వినాలి. ఏదైనా కావాలంటే సైగ చేసి అడగాలి. రాత్రి చివరి ప్రార్థన అయ్యాక ఎవరూ మాట్లాడకూడదు. ఆ వేళకు అతిథి ఎవరైనా వస్తే మాత్రం మినహాయింపు.

సైగ చేయమన్న ఆ ఒక్క మాట పట్టుకుని ఫ్రాన్సులోని క్లూనీ సన్యాసులు చాలా దూరం వెళ్ళారు. 910లో పుట్టిన ఈ మఠంలో దేవదూతల్లా బతకాలన్నది ఆశయం. కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనలను వారానికోసారి పూర్తి చేస్తే చాలని బెనెడిక్టు అంటే, వీళ్ళు దాన్ని ఎంతో మించిపోయారు. రోజులో పెద్ద భాగం గుడిలో పాడటానికే సరిపోయేది. బయటి నుంచి వచ్చినవాడికి ఆ మఠం నిశ్శబ్దంగా అనిపించి ఉంటుందని నేననుకోను. అక్కడ మౌనమంటే కీర్తన పాడే నోటిని కబుర్లతో మైలపరచకుండా కాపాడుకోవడం.

మరి వంటింట్లో, పుస్తకాల గదిలో పనెలా జరగాలి? 11వ శతాబ్దం చివర్లో రాసిపెట్టిన క్లూనీ జాబితాలో 118 సైగలున్నాయి. రొట్టె కావాలంటే రెండు చేతుల బొటనవేళ్ళు, పక్క వేళ్ళు కలిపి గుండ్రంగా చూపాలి. చేప అయితే నీళ్ళలో తోక ఆడినట్టు చెయ్యి ఆడించాలి. పాలకు చిటికెన వేలు పెదవులకు ఆనించాలి, పసిబిడ్డ చీకినట్టు. అన్నింటికన్నా కొంటెది అన్యమతస్థుల పుస్తకానికి పెట్టిన సైగ. ముందు పుస్తకమని చూపి, ఆపైన కుక్క కాలితో గోక్కున్నట్టు వేలితో చెవి గోక్కోవాలి. అవిశ్వాసికి కుక్కతో పోలిక తగిందేనని జాబితాలోనే రాసుకున్నారు. తిట్టడానికి నోటితో పనిలేదన్నమాట.

ఈ చేతి కబుర్లను తోటి సన్యాసులే ఒప్పుకోని చోటు ఒకటుంది. 1084లో బ్రూనో అనే ఆచార్యుడు ఆరుగురి తోడుతో ఫ్రాన్సులోని గ్రెనోబుల్ దగ్గరి షార్‌త్రూజ్ కొండల్లోకి వెళ్ళి ఆశ్రమం కట్టుకున్నాడు. అక్కడ ఎవరి ఇల్లు వాళ్ళది, ఎవరి పెరడు వాళ్ళది. తిండి గోడలోని చిన్న కిటికీలోంచి అందుతుంది. ఐదో అధిపతి గీగో 1120ల్లో వాళ్ళ ఆచారాలు రాస్తూ, మఠాల సైగలు మాకు రావు, వచ్చినా కొద్దిగానే అన్నాడు. మాటల పాపం నాలుక ఒక్కటి మోస్తే చాలదా, మిగతా అవయవాలనూ ఎందుకు ఇరికించాలి అన్నది అతని వాదం. అవసరమైతే ఒకటి రెండు మాటలు చెప్పి ఊరుకోమన్నాడు. నోరు కట్టేయడం వేరు, మాట్లాడాలన్న యావ తగ్గడం వేరని పట్టుకున్నవాడు గీగోనే. పైగా అతని వారసులు నేటికీ వారానికోసారి కొండల్లో నడకకు వెళ్ళి హాయిగా మాట్లాడుకుంటారు.

అయినా ఆ సైగలు వృథా పోలేదు. 16వ శతాబ్దంలో స్పెయిన్‌లోని ఓన్యా మఠంలో పేద్రో పోన్సే అనే బెనెడిక్టు సన్యాసి, పుట్టు చెవిటివాళ్ళయిన గొప్పింటి పిల్లలకు చదవడం, రాయడం నేర్పాడు. చెవిటివాళ్ళకు చదువు రాదని లోకమంతా నమ్మిన కాలమది. మాట లేకుండా చేత్తో భావం చెప్పడం మఠవాసికి రోజూ ఉన్నదే కాబట్టి అతనికి ఆ దారి తట్టి ఉంటుందని చరిత్రకారుల ఊహ. బలమైన ఊహే.

1664 నుంచి ఫ్రాన్సులోని లా ట్రాప్ మఠంలో దాని అధిపతి రాన్సే మౌనాన్ని మళ్ళీ కట్టుదిట్టం చేశాడు. ఆ దారిలో నడిచిన ట్రాపిస్టులు 20వ శతాబ్దం దాకా సైగలతోనే నెట్టుకొచ్చారు. 1962-65 నాటి రెండో వాటికన్ మహాసభ తర్వాత అవసరానికి మాట్లాడుకోనిచ్చారు. దాంతో సైగలు ముసలివాళ్ళకే మిగిలాయి.

ఈ సంప్రదాయాన్ని దగ్గర్లో చూడాలంటే కేరళలోని వాగమణ్ కొండల మీద 1958లో మొదలైన కురిసుమల ఆశ్రమం ఉంది. 1998లో అది ట్రాపిస్టు సంఘంలో చేరింది. అతిథులను ఉండనిస్తారు. వెళ్ళేవాళ్ళు కబుర్లు మాత్రం కొండ దిగాక చెప్పుకోండి.